ఇంట్లోనే కుట్టుకుంటాం, ఇంట్లోనే వండుకుంటాం... మరి డబ్బు మిగలదేం?

ప్రశ్న: మా అమ్మమ్మ, అమ్మ ఇంటిల్లిపాదికీ బట్టలు ఇంట్లోనే కుట్టేవారు. నాకూ అదే అలవాటైంది. బయట తినడం చాలా తక్కువ, రోజూ సింపుల్‌గా వండుకుంటాం. అమ్మలాగే ఒక్కో ఖర్చుకూ ఒక్కో డబ్బాలో డబ్బు వేరుచేసి పెడతాను. ఇంత చేసినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. మావారేమో ‘రెడీమేడే చవక, ఆ కుట్టుడు మానెయ్’ అంటారు. నాకేమో ఎంబ్రాయిడరీ కూడా చేసే కొత్త మిషన్ వాయిదాల్లో కొనాలని ఉంది. పాతది కుట్లు తప్పుతోంది కూడా. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఇద్దరి తగువు తీరుద్దాం. కొత్త బట్టలు కుట్టే విషయంలో చాలాసార్లు మీవారి మాటే రైటు. పాతవి బాగుచేసే విషయంలో మాత్రం మీరే రైటు.

ఫ్యాక్టరీ వాళ్లు బట్టను టోకున కొంటారు, పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కత్తిరిస్తారు. ఒకరు కాలరు, ఇంకొకరు చేతులు, మరొకరు కాజాలు. మీరేమో బట్ట మీటర్ల లెక్కన కొని, లైనింగు, జిప్పు, దారం విడివిడిగా తెచ్చుకుని, మొత్తం ఒంటిచేత్తో చేస్తారు. మీ శ్రమను సున్నా అనుకున్నా ఒక్కోసారి సరుకు ఖర్చే రెడీమేడ్ ధరను దాటేస్తుంది. కుదరని కొలతలు, దొరకని డిజైన్లు అయితే వేరే సంగతి.

బాగుచేయడం అలా కాదు. ఊడిన గుండీ, చిరిగిన మోకాలు, వదులైన నడుము... రెండు మూరల దారం, ఓ అరగంట. దానికి బదులు తప్పేది ఒక కొత్త జత కొనడం. పిల్లల బట్టలకు కింద నాలుగు వేళ్ల మడత వదిలి కుట్టే అలవాటు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఏడాదయ్యాక ఆ కుట్టు విప్పి అంచు దించితే పాత మడత గీత కనిపిస్తుంది, దాని మీదుగా ఒక లేసు వేసేస్తే ఇంకో ఏడాది గడిచిపోతుంది. పెద్దవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన అలవాట్లలో ఇంతకు మించి గిట్టుబాటయ్యేది నాకైతే కనిపించదు.

అదే చేత్తో ఒకసారి బీరువా తెరవండి. ‘ఎప్పుడైనా కుట్టొచ్చులే’ అని కొన్న బట్టలు, దాచిన ముక్కలు ఎన్ని ఉన్నాయి? కొన్న రోజే ఆ డబ్బు ఖర్చయిపోయింది, కుట్టే దాకా దాన్ని పొదుపు అనడానికి లేదు. పైగా ఎలాస్టిక్ లాంటివి వాడకపోయినా పట్టు పోతాయి. ఉన్నవి తగ్గేదాకా కొత్త బట్ట కొనకండి.

వంట గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, మీరు చేస్తున్నది బాగానే ఉంది. చవకగా వచ్చిందని ఎక్కువ తెచ్చి, చివరికి పారేస్తున్నారేమో మాత్రం చూడండి. ఒక్క వారం పాటు ఫ్రిజ్‌లోంచి పారేసినవి కాగితం మీద రాస్తే తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. మీరు ఖర్చు తగ్గించారు, కానీ ఆ తగ్గిన డబ్బును ఎక్కడా పక్కన పెట్టలేదు. అందుకే అది తెలియకుండానే ఇంకో ఖర్చులో కలిసిపోతోంది. మూడు నెలల పాటు, బాగుచేసిన ప్రతి దానికీ ‘కొత్తది కొని ఉంటే ఎంతయ్యేది’ అని ఒక నోట్‌బుక్‌లో రాయండి. రాసిందంతా నమ్మకండి, మనకు మనమే ఎక్కువ మార్కులు వేసుకుంటాం. నెల సగటులో సగం తీసుకుని, ఆదాయం వచ్చిన రోజే అంత మొత్తం ఇంకో ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా పెట్టండి.

డబ్బాల పద్ధతి మంచిదే, నెల ఖర్చులకు అలాగే ఉంచండి. ఏళ్ల తరబడి దాచేది మాత్రం అందులో పెట్టొద్దు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతున్నాయనుకోండి. ఎన్నేళ్లలో రెట్టింపవుతాయో ఉజ్జాయింపుగా తెలియాలంటే 72ను ఆ శాతంతో భాగించాలి. 72ను 6తో భాగిస్తే 12. అంటే 12 ఏళ్లలో ధరలు సుమారు రెట్టింపవుతాయి, డబ్బాలోని డబ్బుకు ఇప్పుడొచ్చే సరుకులో సగమే వస్తుంది. అత్యవసరాల కోసం 3 నుంచి 6 నెలల ఇంటి ఖర్చు వడ్డీ వచ్చే ఖాతాలో, అడగ్గానే తీసుకునేలా ఉండాలి. ముందు అది పూర్తి చేయండి.

మిషన్ సంగతి. వాయిదాలకూ కుట్టు మిషన్‌కూ పాత చుట్టరికమే ఉంది. సింగర్ కంపెనీలో ఐజాక్ సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లోనే మిషన్లను వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టాడు. ఒకేసారి అంత పెట్టలేని ఇళ్లకు కూడా మిషన్ వెళ్లింది అలాగే. కానీ ఇప్పుడు మీకు చెప్పే వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీదా అని తప్పకుండా అడగండి. ఏడాది వాయిదాలకు ఫ్లాట్‌గా 12 శాతం అంటే, తగ్గే బాకీ లెక్కలో అది 21 శాతం దాటుతుంది. ఎందుకంటే నెలనెలా అసలు తీరుస్తూ ఉన్నా వడ్డీ మాత్రం మొదటి అప్పంతటి మీదా పడుతూనే ఉంటుంది.

ఎంబ్రాయిడరీ చేయించుకుని డబ్బిచ్చేవాళ్లు మీకు ఇప్పటికే ఉన్నారా? ఉంటే వచ్చేదెంత, వాయిదా ఎంత అని లెక్క వేసుకుని మళ్లీ రాయండి. సరదా కోసమే అయితే అదీ తప్పేం కాదు, సరదా ఖర్చుగానే రాసుకోండి. ఆ వాయిదా ఎంతో అంతే నెలనెలా ఒక డబ్బాలో వేసి, నిండాక నగదు పెట్టి కొనండి. నాలుగు నెలలు వేయడమే కష్టమైతే, వాయిదాలు కట్టడం ఎంత కష్టమయ్యేదో మీకే తెలుస్తుంది.

ఈలోగా పాత మిషన్‌కు ముందు కొత్త సూది వేసి చూడండి. కుట్లు తప్పడానికి చాలాసార్లు వంగిన సూదో, మొద్దుబారిన సూదో కారణం. బాబిన్ కింద పేరుకున్న దూది దులిపి, నూనె వేయండి. అప్పటికీ మాట వినకపోతే మెకానిక్‌కు చూపించండి, ఆ ఖర్చు మాత్రం వాయిదా వేయొద్దు.