మామోగ్రామ్ నార్మల్... మరి ఈ గడ్డ సంగతేమిటి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సందేహం ఒక్కటే: మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) పరీక్షలో ఏమీ లేదన్నాక కూడా రొమ్ము క్యాన్సర్ ఉండొచ్చా? ఉండొచ్చు. ఎందుకలా జరుగుతుంది, అప్పుడేం చేయాలి అన్నది క్యాన్సర్ సర్జరీ, రేడియాలజీ నిపుణులు వివరిస్తున్నారు.

ప్ర: నా వయసు 46. నాలుగు నెలల కిందట మాస్టర్ హెల్త్ చెకప్‌లో మామోగ్రామ్ తీసి నార్మల్ అన్నారు. ఇప్పుడు ఎడమ రొమ్ములో చంక వైపు ఒకచోట గట్టిగా తగులుతోంది. నొప్పి లేదు. స్కానింగ్ సెంటర్లో అడిగితే ‘మొన్ననే కదా తీయించుకున్నారు, ఏడాదికి రండి’ అన్నారు. ఆగొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: ఆగొద్దు. ఈ వారంలోనే రొమ్ము జబ్బులు చూసే సర్జన్‌కు చూపించుకోండి. పాత ఫిల్ములు, సీడీ, రిపోర్టు వెంట తీసుకెళ్లండి. నాలుగు నెలల కిందట మీకు చేసింది ఏ ఇబ్బందీ లేనివాళ్లకు చేసే స్క్రీనింగ్. ఇప్పుడు చేతికి ఏదో తగులుతోంది కాబట్టి కావాల్సింది రోగ నిర్ధారణ. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే చాలామందికి విలువైన నెలలు పోతున్నాయి.

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అంచనా ప్రకారం ప్రతి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒకటి మామోగ్రామ్‌కు దొరకదు. రొమ్ములో పాలగ్రంథుల కణజాలం ఎక్కువగా ఉంటే అది ఫిల్ములో తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది కాబట్టి కలిసిపోతుంది. కొన్ని క్యాన్సర్లు వేగంగా పెరిగి, రెండు పరీక్షల మధ్య కాలంలోనే బయటపడతాయి. ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్–2 అనే మూడు గ్రాహకాలూ లేని) రకంలో కొన్ని గుండ్రంగా, నున్నటి అంచులతో ఉండి, ఫైబ్రోఎడినోమా అనే హానిలేని మామూలు గడ్డలా మభ్యపెడతాయి. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 10–15 శాతం ఉండే లోబ్యులర్ (పాలగ్రంథుల్లో మొదలయ్యే) రకానిది మరో తీరు. కణాలను అతికించి ఉంచే ఈ–క్యాడెరిన్ అనే ప్రోటీన్ అందులో లోపిస్తుంది. దాంతో కణాలు ముద్ద కట్టవు, ఒకదాని వెనక ఒకటిగా వరసల్లో పాకుతాయి. చేతికి గడ్డలా కాక ఎక్కడో మందంగా ఉన్నట్టు మాత్రమే అనిపిస్తుంది. ఇవన్నీ జబ్బు వైపు కారణాలు. రొమ్మును సరిగ్గా లాగి పెట్టకపోవడం వల్ల చంక దగ్గరి భాగం ఫిల్ములోకి రాకపోవడం, వచ్చినా చూసేవారి కంట పడకపోవడం కూడా జరుగుతుంటాయి.

సర్జన్ ముందు చేత్తో పరీక్షిస్తారు. తర్వాత మీకు తగిలే చోట చర్మం మీద చిన్న గుర్తు అతికించి, అక్కడే గట్టిగా నొక్కి మళ్లీ మామోగ్రామ్ తీయాలి. సరిగ్గా ఆ చోటే అల్ట్రాసౌండ్ కూడా చేయాలి. ‘ఇదిగో ఇక్కడ’ అని రేడియాలజిస్టుకు మీ వేలితో చూపించండి, మొహమాటం వద్దు. ఆ రెండింటిలో ఏమీ కనబడకపోయినా, చేతికి అనుమానంగా తగులుతుంటే సూది పరీక్ష తప్పించకూడదు. అదీ ట్రూకట్ బయాప్సీ అయితే మేలు. మత్తు సూది వేసి, సాధారణంగా 14 గేజ్ సూదితో కొన్ని సన్నటి ముక్కలు తీస్తారు. సన్న సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీలో విడి కణాలే వస్తాయి కాబట్టి క్యాన్సర్ పాలనాళంలోనే ఉందా, బయటికి పాకిందా అన్నది తేలదు. ముక్క ఉంటే, ఏ చికిత్స పనిచేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్–2 పరీక్షలు కూడా నమ్మకంగా చేయొచ్చు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో పరీక్ష మానుకోవద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. సూది పరీక్ష లేకుండా ‘ముందు గడ్డ తీసేద్దాం, తర్వాత టెస్టుకు పంపిద్దాం’ అంటే ఒప్పుకోకండి. అది క్యాన్సరని తర్వాత తేలితే అంచులు చాలక రెండో ఆపరేషన్ పడుతుంది, ముందుగా కీమో ఇచ్చి గడ్డను తగ్గించే అవకాశమూ పోతుంది. రెండోది, సర్జన్ చేతికి అనుమానంగా ఉండి బయాప్సీలో మాత్రం ‘మామూలు కొవ్వు’ అని వస్తే సంతోషించి ఊరుకోకూడదు. సూది గురి తప్పి ఉండొచ్చు, మళ్లీ చేయాలి.

ప్ర: మా అత్తగారి రిపోర్టులో బైరాడ్స్ 0 అని ఉంది. సున్నా కాబట్టి ఏమీ లేనట్టేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జ: కాదు. మామోగ్రామ్ ఫలితాన్ని 0 నుంచి 6 వరకు అంకెల్లో చెప్పే పద్ధతే బైరాడ్స్. అందులో సున్నా అంటే పరీక్ష పూర్తికాలేదని, ఇంకో వ్యూ గానీ అల్ట్రాసౌండ్ గానీ పాత ఫిల్ములు గానీ చూస్తే తప్ప చెప్పలేమని అర్థం. 1 అంటే ఏమీ కనబడలేదు, 2 అంటే కనబడింది హానిలేనిది. 3 అయితే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. 4, 5 వస్తే బయాప్సీ. ఇప్పటికే క్యాన్సరని తేలినవాళ్లకు 6 వేస్తారు. ఆవిడను ఇంకా వెనక్కి పిలవకపోతే మీరే ఫోన్ చేయండి.

ప్ర: డల్లాస్‌లో ఉంటాను, వయసు 51. మామోగ్రామ్ నార్మల్ అంటూనే ‘మీ రొమ్ము కణజాలం సాంద్రంగా ఉంది’ అని ఉత్తరం పంపారు. రిపోర్టులో సీ అని ఉంది. ఇది జబ్బా? ఎంఆర్‌ఐ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జ: జబ్బు కాదు. ఏ నుంచి డీ వరకు నాలుగు మెట్లున్నాయి: ఏ అంటే దాదాపు అంతా కొవ్వే, డీ అంటే అత్యంత సాంద్రం. అమెరికాలో నలభై దాటిన స్త్రీలలో దాదాపు సగం మంది సీ, డీలలోనే ఉంటారు. చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు, ఫిల్ములోనే తెలుస్తుంది. సాంద్రత వల్ల నష్టం రెండు విధాలు. గడ్డ దాక్కుంటుంది, క్యాన్సర్ వచ్చే అవకాశమూ కొంత పెరుగుతుంది.

మీకు ఆ ఉత్తరం రావడం వెనక కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన నాన్సీ కపెల్లో పట్టుదల ఉంది. 2004లో మామోగ్రామ్ నార్మల్ అని వచ్చిన కొన్ని వారాలకే ఆమెకు ముదిరిన రొమ్ము క్యాన్సర్ బయటపడింది. సాంద్రత సంగతి డాక్టర్లకు తెలుసు, తనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె పోరాటంతో, సాంద్రత సంగతి స్త్రీలకు చెప్పాలని 2009లో కనెక్టికట్ చట్టం చేసింది. 2024 సెప్టెంబరు 10 నుంచి ఇదే విషయమై ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) నిబంధన అమెరికా అంతటా అమల్లోకి వచ్చింది. మన దేశంలో అలాంటి ఉత్తరం రాదు కాబట్టి ఇక్కడివాళ్లు రిపోర్టులో ఆ అక్షరాన్ని తామే వెతుక్కోవాలి, లేకపోతే రాయించుకోవాలి.

ఇక ఎంఆర్‌ఐ. మామోగ్రామ్ నార్మల్ వచ్చిన డీ రకం స్త్రీలపై, 50–75 ఏళ్ల వయసువాళ్లతో నెదర్లాండ్స్‌లో జరిపిన డెన్స్ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. ఎంఆర్‌ఐకి పిలిచిన వర్గంలో రెండు పరీక్షల మధ్య బయటపడిన క్యాన్సర్లు వెయ్యికి 2.5, పిలవని వర్గంలో 5. అయితే ఎంఆర్‌ఐ చేయించుకున్న ప్రతి వెయ్యిమందిలో సుమారు 80 మంది క్యాన్సర్ లేకుండానే మళ్లీ పరీక్షలకు వెళ్లాల్సి వచ్చింది. మీది డీ కాదు, సీ. కుటుంబంలో ఎవరికీ లేకపోతే ఎంఆర్‌ఐ కోసం పరుగెత్తనక్కర్లేదని మా అభిప్రాయం. ముందు మీకు జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు ఎంతో లెక్కగట్టమని డాక్టర్ని అడగండి. 20 శాతం, అంతకు మించితే ఏటా ఎంఆర్‌ఐ సమంజసం. లేదంటే పొరలు పొరలుగా బొమ్మలు తీసే త్రీడీ మామోగ్రామ్ ఉన్న సెంటర్‌కు మారండి. అదనంగా అల్ట్రాసౌండ్ గురించి కూడా మాట్లాడండి. జపాన్‌లో 40–49 ఏళ్ల స్త్రీలపై జరిగిన పెద్ద అధ్యయనంలో మామోగ్రామ్ ఒక్కటే 77 శాతం క్యాన్సర్లను పడితే, అల్ట్రాసౌండ్ కలిపితే 91 శాతం దొరికాయి. అనవసరపు బయాప్సీలు దీనితోనూ పెరుగుతాయి. కొన్ని క్యాన్సర్లకు తొలి సూచన అయ్యే సన్నటి కాల్షియం చుక్కలు అల్ట్రాసౌండ్‌కు సరిగా కనబడవు కాబట్టి అది మామోగ్రామ్‌కు తోడే తప్ప బదులు కాదు. ఇన్సూరెన్సు ఎంత భరిస్తుందో చేయించుకునే ముందే కనుక్కోండి.

ప్ర: మా అమ్మకు 52 ఏళ్లు. కుడి రొమ్ము ఎర్రబడి వాచింది, వేడిగా ఉంది. గడ్డ లేదు, జ్వరం లేదు. ఇన్ఫెక్షనని మూడు వారాలుగా యాంటీబయాటిక్స్ మారుస్తున్నారు. మామోగ్రామ్‌లో చర్మం మందంగా ఉందన్నారు తప్ప ఏమీ లేదట.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: పాలిచ్చే వయసు దాటిన స్త్రీకి, జ్వరం లేకుండా, మందులకు లొంగని ఎరుపు, వాపు ఉంటే ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్ కాదని తేలేవరకు వదలకూడదు. ఇది అరుదైనదే, కానీ వారాల్లో ముదురుతుంది. క్యాన్సర్ కణాలు చర్మంలోని లింఫు నాళాలను మూసేయడంతో నీరు పట్టి, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడుతుంది. గడ్డ ఉండకపోవడమే దీని స్వభావం, అందుకే మామోగ్రామ్‌లో చర్మం మందం తప్ప మరేమీ కనబడకపోవచ్చు. మీరు ‘ఏమీ లేదట’ అని రాశారు గానీ, ఆ మందమే ఇక్కడ గుర్తు. మరో యాంటీబయాటిక్ కోర్సు వద్దు. వెంటనే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లండి; హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఉంది. రొమ్ముకూ చంకకూ అల్ట్రాసౌండ్, చర్మం నుంచి పంచ్ బయాప్సీ (చిన్న గుండ్రటి ముక్క తీసి పరీక్షించడం), లోపల ఏదైనా కనబడితే దానికి ట్రూకట్ అడగండి. క్యాన్సరని తేలితే ఇందులో ముందు కీమో, తర్వాతే ఆపరేషన్.

చనుమొన మీద పొలుసులు, రసి, దురద పట్టి చర్మవ్యాధి మందులకు తగ్గకపోతే అది ప్యాజెట్స్ జబ్బు (చనుమొనకు వచ్చే అరుదైన క్యాన్సర్) కావొచ్చు. దానికీ బయాప్సీయే.

ప్ర: మా ఊళ్లో క్యాంపు పెట్టి థర్మల్ కెమెరాతో చూస్తున్నారు. రేడియేషన్ లేదు, నొక్కరు అంటున్నారు. రక్తపరీక్షతో కూడా తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జ: థర్మల్ బొమ్మ మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదని ఎఫ్‌డీఏ స్పష్టంగా హెచ్చరించింది. అందులో బాగుందని వస్తే దాన్ని లెక్కలో వేసుకోకండి. సీఏ 15–3 రక్తపరీక్ష జబ్బున్నవాళ్లలో చికిత్సను గమనించడానికే పనికొస్తుంది. తొలి దశలో చాలామందికి మామూలుగానే ఉంటుంది.

దీనికన్నా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో చూడటమే నయం. మన జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమంలో 30–65 ఏళ్ల వాళ్లకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష ఉంది. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు లక్షన్నరమంది స్త్రీలపై ఇరవై ఏళ్లు సాగించిన అధ్యయనంలో రెండేళ్లకోసారి ఇలా చూస్తే 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు. అయిదేళ్ల ఎడం చాలా ఎక్కువ. ఈలోపు ఏ మార్పు కనబడినా మీరే వెళ్లాలి.

ప్ర: మామోగ్రామ్ తప్పకుండా సరిగ్గా రావాలంటే మనవైపు నుంచి ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జ: నెలసరి వస్తున్నవాళ్లు అది మొదలైన 7వ రోజు నుంచి 14వ రోజు లోపు వెళ్తే నొప్పి తక్కువ. ఆ రోజు పౌడరు, డియోడరెంటు పూసుకోవద్దు, వాటిలోని రేణువులు కాల్షియం చుక్కల్లా పడతాయి. ఒక్కో రొమ్ముకు రెండు ఫిల్ములు తీయాలి, ఒకటి పైనుంచి, ఒకటి ఏటవాలుగా. ఏటవాలు ఫిల్ములో ఛాతీ కండరం చనుమొన ఎత్తు వరకు కనబడాలి, లేకపోతే వెనక భాగం రానట్టే. గట్టిగా నొక్కడం కొన్ని సెకన్లే, వదిలేయమని టెక్నీషియన్‌ను బతిమాలితే బొమ్మ మసకబారుతుంది. గడ్డ, లోపలికి లాక్కున్న చనుమొన, రక్తం రంగు స్రావం లాంటివి ఏమున్నా ముందే చెప్పి కాగితం మీద రాయించండి. ఏ లక్షణమూ రాయకపోతే మీ ఫిల్మును స్క్రీనింగ్ ఫిల్ముగానే చదువుతారు.