నెమ్మదిగా నడిచే టెస్టులను ఏం చేయాలి?

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లిలో పనిచేసే చిన్న బృందం. మా పైథాన్ ప్రాజెక్టులో, టెస్టులు నడిపే సాధనమైన పైటెస్ట్‌తో నడిచే టెస్టులన్నీ పూర్తయ్యేసరికి 40 నిమిషాలు పడుతోంది. విసుగెత్తి కొందరు టెస్టులను కామెంట్ చేసేస్తున్నారు, అంటే నడవకుండా వాటిని ఉత్త వ్యాఖ్యలుగా మార్చేస్తున్నారు. వాటిని పక్కన పెట్టడానికి సరైన పద్ధతి ఏమిటి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు కాలం ఎక్కడ ఖర్చవుతోందో చూడండి. పైటెస్ట్‌కు డ్యూరేషన్స్ ఆప్షన్‌ను 10 అనే అంకెతో ఇస్తే, అన్నిటికంటే ఎక్కువసేపు నడిచిన పది దశలను చివర్లో చూపిస్తుంది. ఈమెయిల్ వెళ్లిందో లేదో తెలుసుకోవడానికి ఎవరో టెస్టులో 30 సెకన్ల స్లీప్ (ఊరికే ఆగి ఉండమనే ఆదేశం) పెట్టి ఉండవచ్చు. పని రెండు సెకన్లలో అయిపోయినా మిగతా 28 సెకన్లూ ఊరికే పోతాయి. దాన్ని పక్కన పెట్టనక్కర్లేదు, మెయిల్ వచ్చిందా అని అర సెకనుకోసారి చూసి, రాగానే ముందుకు సాగేలా మారిస్తే చాలు.

నిజంగానే సమయం పట్టే టెస్టులకు, అంటే డేటాబేస్‌ను లక్షల వరుసలతో నింపి పరీక్షించే వాటికి, స్లో అనే మార్కర్ (గుర్తు) తగిలించండి. రోజువారీ పనిలో ఎం ఆప్షన్‌కు ‘నాట్ స్లో’ అని ఇస్తే అవి పక్కకు తప్పుకుంటాయి. మార్కర్ పేరును పైటెస్ట్ కాన్ఫిగరేషన్ ఫైలులో నమోదు చేసి, స్ట్రిక్ట్ మార్కర్స్ ఆప్షన్‌ను కూడా పెట్టండి. లేకపోతే పేరులో అక్షరం తప్పినా హెచ్చరికతో సరిపెట్టుకుని, ఆ టెస్టును మామూలుగానే నడిపేస్తుంది. స్లో టెస్టులన్నీ ప్రతి రాత్రీ తప్పక నడవాలి, పొద్దున్నే ఆ ఫలితం చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. జావాలో జేయూనిట్ 5 ట్యాగులతో, గో భాషలో షార్ట్ ఫ్లాగుతో ఇదే పని జరుగుతుంది.

టెస్టును నడపకుండా దాటేసే స్కిప్ సంగతి వేరు. విండోస్‌లో మాత్రమే అర్థమున్న టెస్టును లినక్స్‌లో వదిలేయడానికి స్కిప్ఇఫ్ ఉంది. తెలిసిన బగ్ వల్ల విఫలమవుతున్న దానికి మాత్రం, ‘ఇది విఫలమవుతుందని తెలుసు’ అని చెప్పే ఎక్స్‌ఫెయిల్‌ను స్ట్రిక్ట్‌గా పెట్టడమే నాకు నచ్చుతుంది, ఎందుకంటే బగ్ సరిచేసిన రోజున ఆ టెస్టు పాసై, పాసైనందుకే బిల్డ్ ఆగి, గుర్తు తీసేయమని మనకు తెలియజేస్తుంది. ఏది పెట్టినా కారణం రాయండి. నేను పనిచేసిన ఒక బృందంలో, ఫిబ్రవరి 29న వడ్డీ లెక్కను పరీక్షించే టెస్టుకు ‘తర్వాత చూద్దాం’ అని రాసి స్కిప్ పెట్టారు. రాసినవారు వెళ్లిపోయారు, ఆ తేదీ వచ్చింది, ఖాతాదారుల లెక్కలు తప్పాయి. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తీసేసిన ఫీచరుకు చెందిన టెస్టులను నిస్సంకోచంగా తొలగించండి, కోడ్ పాత రూపాలను దాచిపెట్టే గిట్‌లో అవి ఎటూ భద్రంగా ఉంటాయి. కామెంట్ చేసిన టెస్టు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. అదే స్కిప్ అయితే, ఆర్‌ఎస్ ఆప్షన్ ఇచ్చినప్పుడు కారణంతో సహా నివేదికలో కనిపిస్తుంది. అందుచేత మీవాళ్లు ఇప్పటికే కామెంట్ చేసిన వాటిని గిట్ చరిత్రలో వెతికి, ఈ వారంలోనే ఒక్కొక్కటిగా బయటికి తీయండి.