బొంత కుట్టడానికి సామాన్ల ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

బొంతకు కొత్త గుడ్డ కొనకండి. మెత్తబడ్డ పాత నూలు చీరలే దానికి సరైన సరుకు. ఎన్నోసార్లు ఉతికినవి కాబట్టి ఇక కుంచించుకుపోవు, రంగు దిగే భయమూ తక్కువ. ఒక్కో చీర దాదాపు 5.5 మీటర్లు ఉంటుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే ఎక్కడ పలచబడిందో తెలుస్తుంది, ఆ భాగాన్ని లోపలి పొరలకు వాడండి. పైన అతుకులకు రంగులు కావాలంటే టైలర్ దగ్గర మిగిలిన జాకెట్ ముక్కలు అడగండి, తెలిసినవాళ్లైతే ఊరికే ఇస్తారు.

దారం దగ్గర మాత్రం పొదుపు వద్దు. నాసిరకం దారం మాటిమాటికీ తెగుతుంది, నూగు రాలి కుట్టు మిషన్‌లో కింది దారం ఉండే బాబిన్ కేసులో పేరుకుంటుంది. మంచి దారమే ఒకే రంగులో డబ్బా లెక్కన తీసుకుంటే రీలు చవకపడుతుంది. హైదరాబాద్ వైపు ఉంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చూడండి.