జ్యూరిక్ వెళ్తున్న మేనల్లుడికి

హనుమకొండ

చిన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన మాట ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది. "అత్తా, రవాణా ప్రణాళిక చదవడానికి పోతున్నాను కదా, స్విట్జర్లాండ్‌లో ముందు ఏం చూడాలి? గొట్‌హార్డ్ సొరంగమేనా?" అన్నావు. నేను జవాబు మొదలుపెట్టేలోపే వదిన అన్నానికి పిలిచిందని పెట్టేశావు. ఫోన్‌లో తెగే సంగతి కాదని ఇలా రాస్తున్నాను. ఆ దేశంలో ఇరవై రెండేళ్ళు రైలు సిగ్నళ్ళ పని చేశాను. ఆ పని నేర్పినదాన్ని నీకివ్వకపోతే ఇంకెవరికిస్తాను, బిడ్డా?

ఆల్ప్స్ కొండల కింద తవ్విన ఆ రైలు సొరంగం తర్వాత చూడొచ్చు. ముందు గడియారం చూడు.

దిగిన వారంలోనే, సామాను సర్దుకున్నాక, జ్యూరిక్ పెద్ద స్టేషన్‌కు పో. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు పోయి హాల్లో నిలబడు. బెర్న్ నుంచి, బాజెల్ నుంచి, సెయింట్ గాలెన్ నుంచి బండ్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆగుతాయి. జనం ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి నడుస్తారు. గంట దాటిన రెండో నిమిషం నుంచి అవే బండ్లు ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి. సంత కూడి విడిపోయినట్టు ఉంటుంది. అరగంటకు మళ్ళీ అదే సంత. ప్లాట్‌ఫారం మీది గడియారాన్ని కూడా గమనించు. ఎర్రటి సెకన్ల ముల్లు చుట్టు ముగించే ముందు పన్నెండు దగ్గర రెప్పపాటు ఆగుతుంది. కేంద్రం నుంచి సంకేతం అందాకే నిమిషం ముల్లు ముందుకు దూకుతుంది, ఎర్ర ముల్లు మళ్ళీ బయలుదేరుతుంది. ఆ గడియారాన్ని హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు 1944లో తయారుచేశాడు. దేశంలోని స్టేషన్లన్నీ ఒకే నిమిషానికి కదలాలని పట్టుబట్టిన మనుషుల పని అది.

ఇది ఊరికే చూడమనడం లేదు. అక్కడి రవాణా అంతా ఈ ఒక్క ఆలోచన మీదే నిలిచింది: ముందు ఏ ఊళ్ళో ఏ నిమిషానికి ఉండాలో రాసుకుంటారు, ఆ తర్వాతే పట్టాలు ఎక్కడ వేయాలో చూస్తారు. మనం ముందు పట్టాలు వేసి, తర్వాత బండి ఎంత వేగంగా పోతుందో చూసి, చివర్లో టైమ్‌టేబుల్ రాస్తాం. నువ్వు కాలేజీలో నేర్చుకుని వచ్చింది కూడా ఆ వరుసే. దాన్ని తిరగేసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నీకు రెండు నెలల్లో కావాలి.

ఎలా తిరగబడిందో చెప్తాను. ఒక చిన్న లైను మీద సిగ్నళ్ళు మార్చితే మూడు నిమిషాలు కలిసొస్తాయని లెక్కగట్టి, సంబరంగా మీటింగుకు తీసుకుపోయాను. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన ఒక పెద్దాయన నా కాగితం చివరిదాకా చదివి, "ఈ మూడు నిమిషాలు ఎవరికిస్తావు?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. ఆ లైను చివరి ఊళ్ళో బస్సు ఎప్పటి వేళకే బయలుదేరుతుంది. రైలు మూడు నిమిషాలు ముందొస్తే ప్రయాణికుడు మూడు నిమిషాలు ఎక్కువ చలిలో నిలబడతాడు, అంతే. అదే లైను మీద మధ్యలో ఇంకో ఊరుంది. అక్కడికి రెండు నిమిషాలు ముందొస్తే అప్పటిదాకా కళ్ళ ముందే వెళ్ళిపోతున్న బస్సు దొరుకుతుంది. ఆ రెండు నిమిషాల కోసం డబ్బు పెట్టమన్నాడు. ఆ రోజు నుంచి ఏ ప్రాజెక్టు కాగితం చూసినా ముందు ఆ ప్రశ్నే వేస్తాను. నువ్వూ వెయ్యి.

దీన్నే దేశమంతటికీ చేసిన పని బాన్ 2000, అంటే రైలు 2000. డెబ్బైలలో స్విస్ రైల్వేలోని కొందరు కుర్ర ఇంజనీర్లు గంటగంటకూ, దేశమంతా ఒకే లయలో బండ్లు నడపాలని లెక్కలు వేశారు. వాళ్ళ బృందానికి పిచ్చివాళ్ళ క్లబ్ అని అర్థమొచ్చే పేరు పడింది. 1982లో ఆ లయ దేశమంతటా అమల్లోకి వచ్చింది. 1987 డిసెంబరులో ప్రజల ఓటుతో బాన్ 2000కు అనుమతి దొరికింది. కిటుకు ఇది: జ్యూరిక్, బెర్న్, బాజెల్ మూడూ కూడళ్ళు. గంట కొట్టే వేళకు అన్ని వైపుల బండ్లూ కూడలిలో కలవాలంటే, ఒక కూడలి నుంచి ఇంకోదానికి ప్రయాణం గంటకు కాస్త తక్కువ ఉండాలి. జ్యూరిక్ నుంచి బెర్న్‌కు గంట దాటేది. అందుకని మట్‌ష్టెటన్ నుంచి రోత్‌రిస్ట్ దాకా 45 కిలోమీటర్ల కొత్త లైను వేసి, ఆ ప్రయాణాన్ని 56 నిమిషాలకు దించారు. పక్కన ఫ్రాన్స్‌లో టీజీవీ అనే మహా వేగపు రైలు 1981 నుంచే పరుగెత్తుతోంది. వీళ్ళు మాత్రం గంటకు 200 కిలోమీటర్లు చాలన్నారు. 56ను 45కు దించితే బెర్న్‌లో ఆ పదకొండు నిమిషాలు ఎవరికీ పనికిరావు. 2004 డిసెంబరు 12, ఆదివారం, ఆ కొత్త టైమ్‌టేబుల్ మొదలైన ఉదయం నేను ఓల్టెన్ జంక్షన్‌లో ఉన్నాను. దేశంలోని బండ్ల వేళలు చాలావరకు ఒక్క రాత్రిలో మారాయి. నా కళ్ళ ముందు కొత్త వేళకు కొత్త బండి వచ్చి ఆగింది. నాకు కన్నీళ్ళొచ్చాయి. ఓల్టెన్‌కు నువ్వు కూడా ఒకసారి పో. ఆ దేశపు రైలు మార్గాలకు సున్నా కిలోమీటరు రాయి అక్కడే ఉంది.

ఇప్పుడు సొరంగం సంగతి. గొట్‌హార్డ్‌కు పోయినప్పుడు కొత్త సొరంగంలోంచి మాత్రమే పోయి వచ్చేయకు. ఒకసారి పాత కొండదారిన పో. ఎర్స్ట్‌ఫెల్డ్ దాటాక బండి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే వాసెన్ అనే ఊరి చర్చి మూడుసార్లు కనిపిస్తుంది, ఒకసారి పైన, ఒకసారి పక్కన, ఒకసారి కింద. ఆ తర్వాత గోషెనెన్‌లో 15 కిలోమీటర్ల పాత సొరంగం. 1872లో మొదలుపెట్టి 1882లో బండ్లు నడిపారు. పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఇటలీ కూలీలు. దాదాపు 200 మంది ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాంట్రాక్టు తీసుకున్న లూయీ ఫావ్ర్ కూడా 1879లో ఆ సొరంగంలోనే కుప్పకూలి చనిపోయాడు. 1875లో కూలీలు సమ్మె చేస్తే కాల్పులు జరిపారు, నలుగురు చనిపోయారు. సొరంగం అవతల "ఐరోలో" అనే ఊరి స్టేషన్ దగ్గర దిగు. విన్‌చెంజో వేలా చెక్కిన శిల్పం ఉంది, చనిపోయిన తోటివాణ్ణి మోసుకొస్తున్న కూలీలు. దాని ముందు కాసేపు నిలబడు. మన వృత్తిలో ఉన్నవాళ్ళు అక్కడ నిలబడకుండా పోకూడదు.

తిరిగొచ్చేటప్పుడు కొత్త దారిన రా. 57 కిలోమీటర్లు, 2016 జూన్ 1న తెరిచారు. పైన 2,300 మీటర్ల మందం రాయి, తవ్వేటప్పుడు రాతి వేడి 46 డిగ్రీల దాకా ఉండేది. ఆ పనిలో తొమ్మిది మంది చనిపోయారు. పాత సొరంగం 1,151 మీటర్ల ఎత్తుకు ఎక్కితే, కొత్తది 549తో సరిపెట్టింది. గూడ్సు బండ్లకు అసలు లాభం అదే. కొండ ఎక్కించడానికి అదనపు ఇంజన్లు కట్టక్కర్లేదు.

ఇంత గొప్ప కట్టడాన్నీ 2023 ఆగస్టు 10న ఒక గూడ్సు బండి చక్రం ఆపేసింది. చక్రం పగిలి బండి పట్టాలు తప్పింది, కిలోమీటర్ల పొడవున దారి పాడైంది. మొత్తం సొరంగం మళ్ళీ నడిచేసరికి 2024 సెప్టెంబరు 2 అయ్యింది. ఆ వార్త ఇక్కడ హనుమకొండలో కూచుని చదివినప్పుడు మా బాపు గుర్తొచ్చాడు. తాత మొదట్లో కాజీపేట యార్డులో పని చేశాడని నీకు తెలుసు కదా. రాత్రి బండి ఆగగానే పొడుగు సుత్తి తీసుకుని ఒక్కో చక్రం కొట్టుకుంటూ పోయేవాడు. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులు. ఏ దేశంలోనైనా, ఎన్ని వేల కోట్లు పోసిన దారైనా ఆ చక్రం పలికే మాటకు లోబడే ఉంటుంది చిన్నా. పెద్ద నిర్మాణాల క్లాసులతో పాటు మరమ్మతులు, తనిఖీల క్లాసు కూడా తీసుకో. అందులో కూచునేవాళ్ళు తక్కువ. నువ్వు కూచో.

తర్వాత బాజెల్. అది సముద్రం లేని దేశపు ఓడరేవు. మన తెలంగాణకూ సముద్రం లేదు. అందుకే నువ్వు దాన్ని మిగతావాళ్ళకంటే త్వరగా పట్టుకుంటావు. మన సరుకు సనత్‌నగర్ కంటైనర్ డిపోకు ఎక్కడెక్కడి రేవుల నుంచి పట్టాల మీద వస్తుందో, వాళ్ళ సరుకు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు నుంచి రైన్ నది మీద పడవల్లో అలా ఎక్కి వస్తుంది. విదేశీ వ్యాపారంలో పదో వంతు దాకా ఆ రేవు మీదుగానే. 1868 నాటి మాన్‌హైమ్ ఒప్పందం రైన్ మీద రాకపోకలకు స్వేచ్ఛ ఇచ్చింది కాబట్టి ఆ దారి వాళ్ళకు దక్కింది. ఆ ఊళ్ళోనే జర్మనీ వాళ్ళ రైల్వే స్టేషన్ ఉంది, స్విస్ నేల మీద. ఊరి విమానాశ్రయం ఫ్రాన్స్ నేల మీద. నదిని దాటడానికి ఇంజను లేని చిన్న పడవ ఉంటుంది. తీగకు కట్టి, నీటి తోపుతోనే అవతలికి పోతుంది. అది మాత్రం తప్పకుండా ఎక్కు.

బాజెల్‌లో నువ్వు అర్థం చేసుకోవాల్సింది ఇంకోటుంది. చుట్టూ ఇతర దేశాలున్నప్పుడు నీ ఇంట్లో ఎంత చక్కగా చేసుకున్నా పొరుగువాడి దగ్గర ఆగిపోతావు. గొట్‌హార్డ్‌కు చేరే దారి జర్మనీలో కార్ల్స్‌రూహ నుంచి బాజెల్ దాకా నాలుగు లైన్లు కావాలని 1996లోనే రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. అది ఇంకా పూర్తి కాలేదు. 2017 ఆగస్టులో ఆ దారి మీద రాష్టాట్ దగ్గర కొత్త సొరంగం తవ్వుతుంటే పైనున్న పట్టాలు కుంగి, ఏడు వారాలు అక్కడ బండ్లు నడవలేదు. ఆ రోజుల్లో మా ఆఫీసులో ఎవరూ ప్రశాంతంగా అన్నం తినలేదు. ఇటలీ వైపు దారుల్లో కొన్నింటికి స్విస్ వాళ్ళే డబ్బిచ్చి పనులు చేయించారు. పొరుగువాడి పట్టాలకు మన డబ్బు పెట్టడం తప్పు కాదని నేను అక్కడే ఒప్పుకున్నాను.

డబ్బంటే గుర్తొచ్చింది, ఆ దేశంలో పెద్ద దారుల సంగతి చాలాసార్లు ఓటుతోనే తేలుతుంది. 1994లో ఆల్ప్స్‌ను దాటిపోయే సరుకు రైలెక్కాలని ప్రజలు ఓటేశారు. 2001 నుంచి లారీలకు బరువునూ, దూరాన్నీ, పొగనూ బట్టి రుసుము వేస్తున్నారు. 2000లో 14 లక్షల లారీలు ఆల్ప్స్ దాటితే, 2023లో 9 లక్షల పైచిలుకే దాటాయి. చట్టం పెట్టుకున్న గురి ఆరున్నర లక్షలు, అక్కడికింకా చేరలేదు. 2014లో రైలు మార్గాలకు శాశ్వత నిధి కావాలంటే అవునన్నారు. 2024 నవంబరులో హైవేలు వెడల్పు చేద్దామంటే వద్దన్నారు. ప్రతి ఓటుకు ముందు ఇంటింటికీ చిన్న పుస్తకం వస్తుంది, రెండు వైపుల వాదనలూ అందులో ఉంటాయి. నీకు ఓటుండదు. పక్కింటివాళ్ళనడిగి తెచ్చుకుని, నిఘంటువు పెట్టుకుని చదువు. ఇంజనీరు తన పనిని ఊళ్ళోవాళ్ళకు ఎలా వివరించాలో దానికంటే బాగా ఏ ప్రొఫెసరూ చెప్పడు.

ఇక చిల్లర సంగతులు. వెళ్ళగానే హాఫ్ ఫేర్ కార్డు తీసుకో, నువ్వు తిరిగే తిరుగుడుకు కొన్ని నెలల్లోనే గిట్టుబాటవుతుంది. స్టేషన్లలో గేట్లుండవు, ఎవరూ ఆపరు. అందుకే టికెట్ లేకుండా ఒక్క స్టాపు కూడా ఎక్కకు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పాలూ కూరగాయలూ కావాలంటే పెద్ద స్టేషన్‌లో దొరుకుతాయి. జ్యూరిక్‌లో 31 నుంచి 34 దాకా ప్లాట్‌ఫారాలు భూమి లోపల, చాలా కిందికి ఉంటాయి. బండి మారేటప్పుడు ఆ నడక లెక్కలో పెట్టుకో. జర్మన్ నేర్చుకో, వంకలు చెప్పకు.

ఒక్క పని మాత్రం నా కోసం చెయ్యి. జ్యూరిక్ నుంచి బాడెన్ వైపు లోకల్ ఎక్కితే కొన్ని నిమిషాల్లోనే ష్లీరెన్ వస్తుంది. పూర్తిగా ఆ దేశం లోపలే నడిచిన మొట్టమొదటి లైను, 1847లో వేసింది, దాని మీదే ఆ ఊరు. రైలు పెట్టెలు తయారుచేసే మన పెరంబూర్ ఫ్యాక్టరీ 1955లో మొదలైనప్పుడు పెట్టె నమూనా ఇచ్చింది ఆ ఊరి కంపెనీయే. మనం పెట్టెనే బోగీ అంటాం కానీ, బాపు వాళ్ళకు బోగీ అంటే కిందుండే చక్రాల చట్రం. ఆ చట్రాన్ని వాళ్ళు ష్లీరెన్ బోగీ అనేవాళ్ళు. లాలాగూడ వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళు ఆయన విప్పి బిగించింది వాటినే. ష్లీరెన్ అంటే మనిషి పేరనుకున్నాడు, ఊరని నేను అక్కడికి పోయాక ఫోన్ చేసి చెప్పాను. ఎట్లుంటదే ఆ ఊరు అని అడిగాడు. ఫొటో పంపుతానన్నాను, ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండగానే ఆయన వెళ్ళిపోయాడు.

ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, స్టేషన్ ఉంది. పగటి వెలుతురులో, బోర్డు మీద ఊరి పేరు కనబడేలా ఒక ఫొటో తీసి పంపు. బాపు పటం పక్కన పెడతాను.

నీ
అత్త