‘నెట్ వస్తలేదు’ అని రాస్తే తప్పా?

సందేహం: మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో వైరు నెట్ తరచూ ఆగిపోతుంది. పిల్లలు ప్రతిసారీ నన్ను పిలవకుండా తామే చూసుకోవాలని ఒక కాగితం రాసి గోడకు అంటించాను. ‘నెట్ వస్తలేదంటే వైరు పోర్టుల సక్కగ ఉన్నదా చూడాలె. అడాప్టర్ బంద్ చేసి మళ్ళ చాలు చెయ్యాలె’ అని మొదలుపెట్టాను. (అడాప్టర్ అంటే కంప్యూటర్‌ను నెట్ వైరుతో కలిపే భాగం.) మా తెలుగు లెక్చరర్ గారు దాన్ని కొట్టేసి ‘అంతర్జాలము పనిచేయుట లేదు. అనుసంధాని నిష్క్రియము చేయబడినది’ అని దిద్దారు. ఏది సరి? వస్తలేదు, రాలేదు, పోయింది – ఇవన్నీ ఒకటేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: ఒకటి కావు. మీ కాగితానికి ప్రాణం ఆ తేడాలోనే ఉంది. ‘పనిచేయుట లేదు’ అనగానే అది పోతుంది.

ముందు ‘వస్తలేదు’ సంగతి. అది తప్పు కాదు. కోస్తావాళ్ళు ‘రావట్లేదు’ అంటారు, పత్రికలు ‘రావడం లేదు’ అని రాస్తాయి, నల్లగొండ, పాలమూరు జనం ‘వస్తలేదు’ అంటారు. మూడింటిలోనూ ‘లేదు’ ఉంది, దాని ముందున్న రూపమే మారింది. నిజానికి ‘వస్తున్నది’కి ఎదురుగా ‘వస్తలేదు’ పెట్టి చూస్తే రెండూ ఒకే అచ్చులో పోసినట్టు కుదురుతాయి. పరీక్షలో ‘రావడం లేదు’ అని రాయమనండి. ల్యాబ్ గోడమీద ‘వస్తలేదు’ ఉంటే ఏ వ్యాకరణమూ కూలిపోదు.

‘రాలేదు’తో మాత్రం జాగ్రత్త. ‘ఆయన రాలేదు’ అంటే వచ్చే పని జరగలేదని, ‘ఆయన రాలేడు’ అంటే వచ్చే వీలు లేదని. ‘అది’ అనే వాటి దగ్గరకు వచ్చేసరికి రెండింటికీ ‘రాలేదు’ ఒక్కటే. నిన్న నెట్ రాలేదా, ఈ వైరు మీద నెట్ రాలేదా అన్నది చదివేవాడు ఊహించుకోవాలి. ఇక ‘రాదు’ అని రాస్తే ఎప్పటికీ రాదనుకుని పిల్లలు సంతోషంగా ఇంటికి పోతారు.

‘పోయింది’ ఇంకా ఆసక్తికరం. ‘కరెంటు పోయింది’ అంటే మళ్ళీ వస్తుంది. ‘బల్బు పోయింది’ అంటే ఇక రాదు, కొత్తది కొనాలి. క్రియ అదే, కర్తను బట్టి అర్థం తిరిగింది. ‘నెట్ పోయింది’ కరెంటు వరసలోది, ‘అడాప్టర్ పోయింది’ బల్బు వరసలోది. పిల్లలు మొదటిది చూసి రెండోది అనేస్తారు. ‘పోయింది’ అన్నవాణ్ని ‘ఎప్పుడు?’ అని అడగడానికి వీలుంటుంది, ‘పనిచేయుట లేదు’ అన్నవాణ్ని అడగబుద్ధి కాదు. ఆ ‘ఎప్పుడు’లోనే సగం జవాబు దొరుకుతుంది: బల్లలు జరిపాక పోయిందా, విండోస్ అప్‌డేట్ అయ్యాక పోయిందా? ఒక్క కంప్యూటర్‌కే పోయిందా, గదంతా పోయిందా? గదంతా పోతే అడాప్టర్‌ను అనుమానించడం అన్యాయం, గదిలోని నెట్ వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టెనో పైనుంచి వచ్చే లైనునో చూడాలి.

వైరుకు మన దగ్గర మంచి క్రియలున్నాయి, వాడండి. ‘ఊడింది’ అంటే మళ్ళీ గుచ్చితే చాలు. క్లిప్పు ‘విరిగింది’ అంటే ఎంత గుచ్చినా వదులై జారుతుంది. ‘తెగింది’ అంటే మార్చాలి. ఆ వైరు లోపల ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి నాలుగు తీగలు చాలు, 1 జీబీపీఎస్‌కు ఎనిమిదీ కావాలి. అందుకే బల్ల కాలి కింద నలిగి ఒక తీగ తెగితే, నెట్ పోకుండా మెల్లగా రావచ్చు. అప్పుడు ‘పోయింది’ అనడమే తప్పు.

పోర్టు దగ్గర లైటు వెలుగుతూనే ఉండి నెట్ వస్తలేదా? ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే నంబరు) చూడమనండి. అది 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ ‘అందలేదు’, కంప్యూటరే తనకు తాను ఒకటి పెట్టుకుంది. ఇక్కడ సరైన మాట ‘అందలేదు’.

మీరు రాసినదాంట్లో నేను ఒప్పుకోనివి రెండున్నాయి. ఒకటి ‘పోర్టుల’. మాటల్లో అది ‘పోర్టులో’ అనే. రాతలో ‘పోర్టుల లైట్లు’ అంటే అన్ని పోర్టుల లైట్లూ అని చదువుకుంటారు. అక్కడ ‘పోర్టులో’ అని రాయండి. రెండోది ‘బంద్’. మన దగ్గర విండోస్‌లో అడాప్టర్‌ను ఆపడమూ (డిసేబుల్) బందే, షట్‌డౌనూ బందే, ప్లగ్ పీకడమూ బందే. ఈ తేడా మీ పనిలో పెద్దది. చాలా కంప్యూటర్లలో షట్‌డౌన్ అయ్యాక కూడా అడాప్టర్‌కు కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది, వెనక లైటు వెలుగుతూ కనిపిస్తుంది. చిక్కుకుపోయిన అడాప్టర్ తేరుకోవాలంటే ఒక్కోసారి ప్లగ్ కూడా తీయాలి. వట్టి ‘బంద్ చెయ్యాలె’ అంటే ఆ పని ఎవరూ చేయరు. ‘చాలు చెయ్యాలె’ బదులు ‘ఆన్ చెయ్యాలె’ అనండి. ‘ఇక చాలు’ అనుకునే చమత్కారులు ప్రతి క్లాసులో ఉంటారు.

లెక్చరర్ గారి ‘చేయబడినది’ని నేనైతే తీసేస్తాను. ఎవరు చేశారో దాచే రూపం అది, మనకు కావలసింది ఎవరు చేశారన్నదే. ఎవరో డిసేబుల్ చేస్తే ఎనేబుల్ చేయాలి. కరెంటు పొదుపు కోసం విండోసే అడాప్టర్‌ను ఆపుతుంటే, కంప్యూటర్ పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న టిక్ తీసేయాలి. ‘విండోసే ఆపుతుంది’ అని కర్తను ముందు పెడితే మందు కూడా ఆ వాక్యంలోనే దొరుకుతుంది.

‘అనుసంధాని’ సంస్కృతంగా బాగానే ఉంది, కానీ తెర మీద వెతికే పిల్లవాడికి అది కనిపించదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదకోశం తెచ్చినప్పుడు మాటలను ఊళ్ళకు పోయి రైతుల నోట సేకరించారు. మీ ల్యాబ్‌లో రైతులు మీ పిల్లలే, వాళ్ళు అడాప్టర్ అంటున్నారు.

నేనైతే ఇలా రాస్తాను: ‘నెట్ వస్తలేదా? పక్క కంప్యూటర్‌లో వస్తున్నదేమో చూడాలె. వస్తుంటే ఈ వైరు ఊడిందా, క్లిప్పు విరిగిందా, పోర్టులో లైటు వెలుగుతున్నదా చూడాలె. లైటు లేకుంటే వేరే వైరు పెట్టాలె. అయినా రాకుంటే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్‌ను డిసేబుల్ చేసి మళ్ళీ ఎనేబుల్ చెయ్యాలె. అప్పటికీ రాకుంటే షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, కాసేపు ఆగి పెట్టాలె. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ పేరే కనిపించకుంటే సార్‌ను పిలవాలె.’