మేఘాల ముద్ద ఒకచోట, తుఫాను కేంద్రం ఇంకోచోట

రాత్రి ఉపగ్రహం తీసిన ఇన్‌ఫ్రారెడ్ (వేడి, చల్లదనాలను చూపే) చిత్రంలో అన్నిటికన్నా చల్లగా ఉన్న మేఘాల ముద్ద మధ్యలో తుఫాను కేంద్రం గుర్తు పెట్టానని, తెల్లారి బులెటిన్‌లో అది బాగా తూర్పున ఉందని రాశారు. తిరకాసు మీ లెక్కలో కాదండీ, చిత్రంలోనే ఉంది. ఇన్‌ఫ్రారెడ్‌లో కనబడేది మేఘాల పైభాగం. తూర్పు నుంచి పైగాలులు బలంగా తోస్తుంటే ఉరుముల మేఘాలు పడమరకు ఒరిగిపోతాయి, కింది సుడి తూర్పున బయటపడి మిగిలిపోతుంది. ఇంకా బలపడని తుఫానుల్లో ఇది మామూలే.

వెలుగొచ్చాక విజిబుల్ (పగటి వెలుగులో తీసిన) చిత్రాలను వరసగా నడిపి చూడండి. తెల్లటి ముద్దను వదిలేసి, దాని అంచున సన్నగా, బూడిదరంగులో వంపు తిరిగే కింది మేఘాల వరసలను పట్టుకోండి. అవి ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నాయో అదే మీ కేంద్రం. రాత్రిపూట, పై మేఘాలను దాటి లోపలికి చూసే మైక్రోవేవ్ చిత్రం చాలా ఆదుకుంటుంది. 37 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో తీసిన చిత్రం కింది పొరలను చూపిస్తుంది. 89 గిగాహెర్ట్జ్‌లో తీసినది ఎక్కువగా పైనున్న మంచుకణాలను పట్టుకుంటుంది. అందుకే ఒరిగిన తుఫానులో రెండూ ఒకే చోటు చూపించవు. ఆస్కాట్ (సముద్రం మీది గాలులను ఉపగ్రహం నుంచి కొలిచే పరికరం) ఇచ్చే గాలుల పటం దొరికితే మరీ మంచిది, కానీ ఉపగ్రహం ఎన్నింటికి దాటిందో తప్పక చూసుకోండి.

ఒక్కోసారి బలమైన ఉరుముల కింద కొత్త కేంద్రం పుట్టి పాతది చెదిరిపోతుంది. కాబట్టి ఒక్క గుర్తుతో తుఫాను దారి మళ్ళిందనుకోకండి, తర్వాతి రెండు మూడు స్థానాలు వచ్చాకే గీత గీయండి.