నెబులైజర్‌లో యాంటీబయాటిక్ పని చేస్తుందా? మందు కంటే ముందు కప్పు చూడండి

కర్నూలు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నాయనకు చాలా ఏళ్ల కింద టీబీ వచ్చి తగ్గింది. ఇప్పుడు బ్రాంకియెక్టాసిస్, అంటే శ్వాసనాళాలు సాగి వెడల్పయిపోయే జబ్బు, అంటున్నారు. గళ్ల (కఫం) కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షలో, మొదటిసారి సూడోమోనాస్ అనే మొండి క్రిమి పడింది. డాక్టరు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నెబులైజర్‌లో (మందును తుంపర చేసే మిషన్‌లో) పెట్టి మూడు నెలలు పీల్చమన్నారు. నాలుగు ఇంజెక్షన్లతో పోయేదానికి ఇన్నాళ్లు ఈ పొగ ఎందుకు, అసలు పని చేస్తుందా అని.

చేస్తుంది. చేయలేదని తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఆరా తీస్తే చాలాసార్లు మందు మంచిదే ఉంటుంది. మిషన్‌లో మందు పోసే కప్పు పాడై ఉంటుంది, గళ్ల తీయకుండానే మందు పీల్చి ఉంటారు, లేదంటే కలిపే పద్ధతి తప్పి ఉంటుంది.

ముందు ఇంజెక్షన్ సంగతి. టీబీ తిని వదిలిన చోట శ్వాసనాళాలు వెడల్పయి, సాగిపోయి, అందులో గళ్ల నిలవుంటుంది. సూడోమోనాస్ ఆ గళ్లలో చుట్టూ జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది. రక్తంలోంచి వెళ్లిన మందు అక్కడికి కొంచెమే చేరుతుంది, డోసు పెంచుదామంటే కిడ్నీలు ఒప్పుకోవు. పీల్చిన మందు నేరుగా ఆ గళ్ల మీదే పడుతుంది, ఒంట్లోకి పోయేది తక్కువ. జ్వరం, ఆయాసంతో ఒక్కసారిగా ముదిరినప్పుడు ఇంజెక్షన్లు కావాల్సిందే. దాని పని వేరు, దీని పని వేరు. మూడు నెలలు రాశారంటే, మొదటిసారి పడిన క్రిమిని పాతుకోకముందే పెరికేద్దామని డాక్టరు చూస్తున్నట్టు. ఏళ్లుగా ఉన్నదైతే పెరకడం కష్టం, అణిచి ఉంచడమే. అక్కడ కూడా లాభం ఉంది. 2024లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో రోజుకు రెండుసార్లు కొలిస్టిన్ పీల్చినవాళ్లకు ఉత్త సెలైన్ పీల్చినవాళ్ల కంటే జబ్బు ముదరడం 39 శాతం తగ్గింది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. మన జిల్లాల్లో పాత టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపిస్తే చాలు, గళ్లలో ఏమీ తేలకపోయినా మళ్లీ ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెట్టేస్తారు. మచ్చ ఉన్నంత మాత్రాన టీబీ ఉన్నట్టు కాదు. బేతంచర్ల, తాడిపత్రి వైపు రాయి కోసే, పాలిష్ పట్టే పనిలో ఉన్నవాళ్లకు ఎక్స్‌రే ఇంకా గందరగోళంగా ఉంటుంది, దుమ్ము పట్టిన ఊపిరితిత్తి కూడా మచ్చలమయమే. గళ్లను సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్షకు) పంపండి, టీబీ కాని మైకోబాక్టీరియా కోసం కల్చర్ కూడా అడగండి. ముఖ్యంగా వారానికి మూడు అజిత్రోమైసిన్ మాత్రలు రాసేముందు ఇది తేలాలి. ఆ జాతి క్రిమి లోపల ఉండగా ఒక్క అజిత్రోమైసిన్ ఇస్తే అది ఆ మందుకు మొండికేస్తుంది.

మొదటి డోసు ఇంట్లో వద్దు. కొలిస్టిన్‌కైనా, ఇలాగే పీల్చే ఇంకో యాంటీబయాటిక్ టోబ్రామైసిన్‌కైనా కొంతమందికి నాళాలు బిగుసుకుని పిల్లికూతలు వస్తాయి. ముందు స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేసి, మందు పట్టి, అరగంట చూసి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదే గాలి 15 శాతం, ఆపైన పడిపోతే ఆ మందు ఆ మనిషికి పడనట్టు. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్ లాంటి బోధనాసుపత్రుల్లో ఛాతీ విభాగం ఉంది, అలాంటి చోట చేయించండి. పాతకాలంలో టీబీకి స్ట్రెప్టోమైసిన్ సూదులు నెలల తరబడి వేయించుకున్న పెద్దవాళ్లయితే ఆ మాట తప్పకుండా చెప్పాలి. అప్పుడే చెవి దెబ్బతిని ఉండొచ్చు. టోబ్రామైసిన్ అదే కుటుంబం మందు.

ఇక మిషన్. మందులంగడిలో అడిగితే ఏదో ఒక చిన్న కంప్రెసర్, దానికో మాస్కు అంటగట్టి పంపుతారు. మాస్కుతో చాలా మందు ముక్కుకు, మొహానికి, కళ్లకు పోతుంది. నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ అడిగి తీసుకోండి. తుంపర 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉంటేనే లోపలి నాళాలకు చేరుతుంది, అంతకంటే పెద్దది గొంతులోనే ఆగిపోతుంది. మంచి జెట్ కప్పుతో (కంప్రెసర్ గాలితో తుంపర చేసేది) 3 నుంచి 5 మి.లీ. మందు పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. అరగంట పడుతోందంటే కప్పులోని సన్నరంధ్రం మూసుకుందనో, కంప్రెసర్ ఫిల్టర్ దుమ్ముతో నల్లబడిందనో అర్థం. జేబులో పట్టే మెష్ మిషన్ (సన్నటి జల్లెడలోంచి తుంపర చేసేది) కొంటే డాక్టరుకు చెప్పకుండా మార్చొద్దు. అది జెట్ కంటే ఎక్కువ మందు లోపలికి పంపుతుంది, డోసు మళ్లీ చూడాలి.

కొలిస్టిన్ కలపడం దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. సీసాలో తెల్లటి పొడి ఉంటుంది, లేబుల్ మీద 10 లక్షల యూనిట్లు, 20 లక్షల యూనిట్లు అని రాసుంటుంది. ఒక కంపెనీ మిల్లీగ్రాముల్లో రాస్తుంది, 10 లక్షల యూనిట్లంటే సుమారు 80 మి.గ్రా. కొలిస్టిమెథేట్ (పొడిలో ఉండే కొలిస్టిన్ రూపం). అంగడివాడు అంకె చూసి ఇంకో కంపెనీది ఇస్తే యూనిట్లు సరిచూసుకోండి. సూదితో 3 మి.లీ. స్టెరైల్ సెలైన్ సీసా గోడ మీదుగా జారేలా వదలాలి. తర్వాత రెండు అరచేతుల మధ్య సీసాను నెమ్మదిగా దొర్లించాలి. టానిక్ సీసాలా ఊపితే సబ్బునురగ లేచి సగం మందు నురగలోనే ఉండిపోతుంది, సిరంజిలోకి రాదు. నురగ వచ్చిందంటే పక్కన పెట్టి అణిగేదాకా ఆగడమే. నీళ్లలా తేటగా కనిపించాక కప్పులో పోసి వెంటనే మొదలుపెట్టాలి.

తాడిపత్రి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొడుకు పొద్దునే రెండు డోసులూ ఒకేసారి కలిపి, సాయంత్రానిది సిరంజిలో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. "డ్యూటీ నుంచి రాత్రికి వస్తా సార్, అమ్మకు సూది గుచ్చడం రాదు" అన్నాడు. కారణం న్యాయమైనదే. కానీ పొడిలో ఉన్నది మందు ముందురూపం. నీళ్లు తగిలిన క్షణం నుంచి అది కొలిస్టిన్‌గా విడిపోవడం మొదలవుతుంది, ఆ విడిపోయినది ఊపిరితిత్తిని మండిస్తుంది. ముందే కలిపి ఉంచిన మందు పీల్చిన ఒక రోగి చనిపోయాక 2007లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. ఆ ఇంట్లో సాయంత్రం డోసు రాత్రి తొమ్మిదికి, పొద్దునది తొమ్మిదికి జరిపితే సరిపోయింది. పన్నెండు గంటల ఎడం ఉంటే చాలు, ఏ గంటలన్నది ముఖ్యం కాదు.

వరుస ఇలా ఉండాలి: ముందు నాళాలు తెరిచే సాల్బుటమాల్ పీల్చి పదిహేను నిమిషాలు ఆగాలి. ఉప్పుశాతం ఎక్కువున్న సెలైన్ రాసి ఉంటే తర్వాత అది. ఆపైన ఫిజియోథెరపీ వాళ్లు నేర్పినట్టు ఊపిరి బిగబట్టి, హుఫ్ మని వదులుతూ గళ్ల తీసేయాలి. అప్పుడు యాంటీబయాటిక్. స్టీరాయిడ్ ఇన్‌హేలర్ ఉంటే చివర, దాని తర్వాత నోరు పుక్కిలించాలి. గళ్ల తీయకుండా మందు పడితే అది గళ్ల పైపొర మీద పడి దగ్గుతో బయటికొచ్చేస్తుంది. రెండు మందులు ఒకే కప్పులో కలపొద్దు. జెంటామైసిన్ ఇంజెక్షన్ ఆంప్యూల్ పగలగొట్టి కప్పులో పోసే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. వాటిలో మందు చెడకుండా వేసే రసాయనాలే నాళాలను బిగించేస్తాయి, ఎవరు పోసినా వద్దనండి. పీల్చేటప్పుడు నిటారుగా కూర్చుని, కిటికీ తీసి, చంటిపిల్లలను ఆ గదిలో లేకుండా చూడండి. వదిలిన ఊపిరిలో కూడా మందు ఉంటుంది.

కడగడం గురించి ఎవరూ చెప్పరు, మన దగ్గర ఇదే పెద్ద సమస్య. ప్రతి డోసు తర్వాత కప్పు విప్పి గిన్నెల సబ్బు, వేడినీళ్లతో కడగాలి. రోజుకొకసారి ఐదు నిమిషాలు మరిగించాలి, కప్పు మరిగించదగినదేనా అన్నది డబ్బా మీద చూసుకుని. అనంతపురం బోరు నీళ్లలో మరిగిస్తే గిన్నె అడుగున పట్టే తెల్లపొరే కప్పు సన్నరంధ్రంలోనూ పడుతుంది. మెష్ అయితే ఇంకా తొందరగా పూడిపోతుంది. మరిగించడానికి ప్లాంటు నీళ్ల క్యాను వాడండి. కానీ ఆ నీళ్లూ క్రిమిరహితం కావు, మరిగించాక వాటితో గానీ కుళాయి కింద గానీ చివరిసారి కడిగితే సూడోమోనాస్‌ను మళ్లీ మనమే లోపలికి పంపినట్టు. మరిగించి తీసి, శుభ్రమైన పేపరు టవల్ మీద ఆరబెట్టండి. వంటింటి గుడ్డతో తుడవొద్దు. గాలి పైపును కడగొద్దు, కప్పు తీసేసి మిషన్‌ను ఒక నిమిషం ఉత్తగా నడిపితే లోపలి తడి పోతుంది.

కొలిస్టిన్ బదులు టోబ్రామైసిన్ రాస్తే లెక్క వేరు. 300 మి.గ్రా., 5 మి.లీ. ఆంప్యూల్, రోజుకు రెండు, 28 రోజులు వాడి 28 రోజులు ఆపడం. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. బయట 28 దినాల దాకా ఉంచొచ్చని రాసి ఉంటుంది గానీ ఆ మాట 25 డిగ్రీల లోపు గదికి. మే నెలలో కర్నూలులో అలాంటి గది ఏసీ ఉన్నవాడికే ఉంటుంది. అంగడి నుంచి ఐస్ ప్యాకుతో తెచ్చుకోండి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు.

గళ్లలో రక్తం పడినా, చెవుల్లో గుయ్యి మన్నా, మందు పీల్చిన ప్రతిసారీ ఛాతీ బిగిసినా ఆ పూట ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. కల్చర్ కాగితంలో మందు ఎదురుగా 'రెసిస్టెంట్' అని చూసి మీకు మీరే ఆపొద్దు. ఆ కొలత రక్తంలో చేరే మోతాదును బట్టి వేసింది, పీల్చినప్పుడు గళ్లలో చేరేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కోర్సు అయ్యాక మళ్లీ కల్చర్ పంపాలి. పొద్దున నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి తీసిన గళ్ల, ఉమ్ము కాదు. రెండు గంటల్లో ల్యాబు చేరాలి. దూరపు ఊరి నుంచైతే ముందురోజు రాత్రే కర్నూలు వచ్చి అక్కడే తీసి ఇవ్వడం మేలు. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ మధ్యలో మందు కొనసాగించాలా, ఆపాలా అన్నది ముందుగానే అడిగి చీటీ మీద రాయించుకోండి.